పెట్రోలు కంపెనీలు కలిసిపోతున్నాయంటే: బంకు గట్టు మీంచి కాంపిటీషన్ కమిషన్ దాకా

నేను తిరుపతిలో లెక్కలు రాసుకుని బతికే మనిషిని. మూడు బంకుల పద్దులు, ఒక ట్యాంకర్ల ఓనరు పద్దు, చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకి లారీలు తిప్పే ఇద్దరు అన్నదమ్ముల పద్దు నా దగ్గరే ఉంటాయి. ఫలానా ఆయిల్ కంపెనీని ఫలానావాళ్లు కొంటున్నారట అని టీవీలో స్క్రోలింగ్ వస్తే చాలు, పొద్దుగూకేలోగా ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "సామీ, మన బోర్డు మారతాదా? కమీషన్ కోస్తారా? మనం ఏమన్నా రాయొచ్చునా?"

రాయొచ్చు. ఎక్కడ రాయాలో, ఏం రాస్తే చదువుతారో, ఏం రాస్తే పక్కన పడేస్తారో తెలిసి రాయాలి, అంతే. డీలర్లకి, లారీ యజమానులకి, వినియోగదారుల సంఘాలకి పనికొచ్చేలా ఆ పనిని వరసగా చెబుతాను.

మొదటి పని: ఇది కమిషన్ గడప తొక్కే లావాదేవీనా?

కంపెనీల విలీనాలని చూసేది ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్, అంటే సీసీఐ. చట్టం 2002 నాటిది, విలీనాల పరిశీలన మాత్రం 2011 జూన్ 1 నుంచే మొదలైంది. కొనేవాళ్లూ అమ్ముడయ్యేవాళ్లూ కలిపి మన దేశంలో ఆస్తులు 2,500 కోట్లు దాటినా, టర్నోవరు 7,500 కోట్లు దాటినా ముందుగా కమిషన్‌కి చెప్పి తీరాలి. 2024 సెప్టెంబరు 10 నుంచి ఇంకో కొలత వచ్చింది. లావాదేవీ విలువ 2,000 కోట్లు దాటి, అమ్ముడయ్యే సంస్థకి ఇక్కడ చెప్పుకోదగ్గ వ్యాపారం ఉంటే చాలు. అమ్ముడయ్యేది చిన్నదైతే, అంటే ఇక్కడి ఆస్తులు 450 కోట్లు లేదా టర్నోవరు 1,250 కోట్లు దాటకపోతే, ఆస్తులూ టర్నోవరూ చూసే కొలతలోంచి మినహాయింపు. కాబట్టి మీ పక్క బంకాయన ఇంకో రెండు బంకులు కొనుక్కున్నాడని ఢిల్లీకి రాయకండి. అది వాళ్ల పని కాదు.

పెట్రోలు విషయంలో ఇంకో మెలిక ఉంది. 2017 నవంబరులో కేంద్రం చమురు, గ్యాస్ రంగంలోని ప్రభుత్వ రంగ సంస్థలకి విలీనాల పరిశీలన గురించి చెప్పే 5, 6 సెక్షన్ల నుంచి అయిదేళ్ల మినహాయింపు ఇచ్చింది. 54వ సెక్షన్ కింద, ప్రజాప్రయోజనం పేరుతో. రెండు నెలలు తిరక్కుండానే 2018 జనవరిలో ఓఎన్‌జీసీ హెచ్‌పీసీఎల్‌లో 51.11 శాతం వాటాని 36,915 కోట్లకి కొన్నది. మన చట్టంలో ప్రజాప్రయోజనం అన్న మాట గట్టిగా పనిచేసింది పరిశీలన జరిపించడానికి కాదు, తప్పించడానికి. అందుకే వార్త చూడగానే ముందు ఇద్దరి యజమాని ఎవరో చూడండి. ఇద్దరికీ ప్రభుత్వమే యజమాని అయితే అప్పటికి ఏ మినహాయింపు నోటిఫికేషన్ అమల్లో ఉందో కంపెనీ వ్యవహారాల శాఖ సైట్‌లో వెతకాలి. ప్రైవేటు చెయ్యి ఉందంటే సీసీఐ సైట్‌లో కాంబినేషన్ల (అంటే విలీనాలు, కొనుగోళ్ల) విభాగానికి పోవాలి. దరఖాస్తు సారాంశం అక్కడ దొరుకుతుంది. చదవడానికి పది నిమిషాలు చాలు.

యాభై దాటినవాళ్లకి ఐబీపీ బోర్డులు గుర్తుండే ఉంటాయి. 2002లో ఇండియన్ ఆయిల్ అందులో ప్రభుత్వ వాటా కొన్నది, 2007లో పూర్తిగా కలుపుకుంది. ఈ పరిశీలన అప్పటికింకా పుట్టలేదు. బోర్డులకి రంగు మారింది, ఎవరినీ ఎవరూ అడగలేదు.

రెండో పని: మార్కెట్ గీత ఎక్కడ గీయాలి

అసలు పనంతా ఇక్కడే ఉంది. కొంచెం ఓపిగ్గా చదవండి.

పోటీ తగ్గుతుందా లేదా అనాలంటే ముందు ఏ సరుకులో, ఏ ప్రాంతంలో అన్నది తేల్చాలి. చట్టంలో 19వ సెక్షన్ దీనికి కొలతలు ఇచ్చింది. స్థానిక నిబంధనలు, రవాణా ఖర్చు, పంపిణీ ఏర్పాట్లు, కొనేవాళ్ల ఇష్టాయిష్టాలు వాటిలో కొన్ని. కంపెనీల వకీళ్లు ఎప్పుడూ దేశం మొత్తాన్ని ఒకే మార్కెట్ అంటారు. దేశమంత చెరువులో ఎంత పెద్ద చేపైనా చిన్నదిగానే కనిపిస్తుంది కదా. మన పని ఆ చెరువుని మనకి తెలిసిన కుంటలుగా విడదీసి చూపించడం.

ఒకసారి చిత్తూరులో బెంగళూరు బయల్దేరే లారీ పక్కన నిలబడి డ్రైవర్ని అడిగాను.

"ఇంత పెద్ద బంకుండాది కదన్నా, ఈడ యాబై లీటర్లే పోపిచ్చుకుంటాండావేమి?"

"నంగిలి దాటేదానికి ఇది చాలు సార్. ఆడ ఫుల్లు కొట్టిస్తా."

నంగిలి పలమనేరు దాటాక కర్ణాటకలో మొదటి ఊరు. మన రాష్ట్రంలో డీజిలు మీద 22.25 శాతం, పెట్రోలు మీద 31 శాతం వ్యాట్. దాని పైన లీటరుకి 4 రూపాయల అదనపు వ్యాట్, 1 రూపాయి రోడ్డు సెస్సు. గీత దాటితే లీటరు దగ్గర తేడా పైసల్లో ఉండదు, రూపాయల్లో ఉంటుంది. ఆరు రూపాయలనుకున్నా మూడు వందల లీటర్ల ట్యాంకుకి పద్దెనిమిది వందలు. డ్రైవరు భోజనాలు, టోలులో ఒక భాగం అక్కడే వచ్చేస్తాయి. చెన్నై నుంచి తిరుమలకి వచ్చే కార్లదీ అదే లెక్క. తిరుత్తణి వైపే నింపుకుని వస్తారు, కొండ దిగి మళ్లీ అటే పోయి నింపుకుంటారు.

ఇప్పుడు అలిపిరి దగ్గర స్కూటర్ మీద పోయే గుమాస్తాని చూడండి. నూటపది రూపాయలకి పెట్రోలు పోయించుకునే మనిషి నంగిలి పోతాడా? ఇంటికీ ఆఫీసుకీ మధ్యనున్న మూడు బంకులే అతని ప్రపంచం. గొట్టంలో వచ్చే ఇంధనం అదే, మార్కెట్లు మాత్రం రెండు. లారీ డీజిలు మార్కెట్ రాష్ట్రం దాటి పోతుంది, ఊళ్లో రెండు చక్రాల మార్కెట్ మూడు కిలోమీటర్లలో ముగుస్తుంది. అభ్యంతరం రాసేటప్పుడు ఈ రెంటినీ కలిపేస్తే అవతలి వకీలు మీ నంగిలి మాటనే పట్టుకుని చూశారా, వీళ్లకి బోలెడంత పోటీ ఉంది అంటాడు. మీరే ముందుగా విడదీసి రాయండి.

సరుకుల గీత కూడా ఇంతే. రేణిగుంట విమానాశ్రయంలో విమానానికి పోసేది వేరే మార్కెట్, వంటగ్యాస్ వేరు, లూబ్రికెంట్లు వేరు. హోల్‌సేల్, రిటైల్ వేర్వేరనే అందరూ అంటారు, కానీ 2022 మొదట్లో ఏం జరిగిందో గుర్తుందా? బల్క్ డీజిలు ధర బంకు ధరని మించిపోయేసరికి మన ఆర్టీసీ బస్సులు బయటి బంకుల్లో క్యూ కట్టాయి. ధరల తేడా పెరిగితే గోడ కరుగుతుందని చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు. ఘాట్‌లో కరెంటు బస్సులొచ్చాయి కదా, డీజిలుకి అదే పోటీ అని ఎవరైనా అంటే మాత్రం లొంగకండి. మామిడికాయల లారీ ఓనరు రేపటి ట్రిప్పుకి కరెంటు లారీకి మారలేడు.

సీఎన్‌జీ మన దగ్గరే ఉన్న పాఠం. పెట్రోలియం నియంత్రణ బోర్డు, పీఎన్‌జీఆర్‌బీ, చిత్తూరు, కోలారు, వేలూరు జిల్లాలని కలిపి ఒకే ప్రాంతంగా ఒక కంపెనీకి ఇచ్చింది. మూడు రాష్ట్రాల జిల్లాలు, ఒక్క గీత. లైసెన్సు తీసుకున్న ఏజీ అండ్ పీ ప్రథమ్ తర్వాత థింక్ గ్యాస్‌తో కలిసి ఆ పేరుతోనే నడుస్తోంది. ఇలాంటి విలీనంలో గుర్తించాల్సింది ఒకటుంది. ప్రతి ప్రాంతంలోనూ ఒక్కరికే హక్కు కాబట్టి ఇద్దరూ ఎక్కడా ఎదురెదురుగా అమ్మరు, కనుక పోటీ తగ్గదన్న వాదన కాగితం మీద నిలుస్తుంది. అక్కడ అడగాల్సిన ప్రశ్న వేరు: రేపు కొత్త ప్రాంతాల వేలంలో పాట పాడేవాళ్లలో ఒకరు తగ్గుతారా లేదా?

మూడో పని: లెక్క

గీత గీశాక బంకులు లెక్కపెట్టాలి. ఉత్త బంకుల సంఖ్య కాదు, లీటర్లు. బైపాస్ మీద ఒక్క బంకు అమ్మేది సందులోని నాలుగు బంకులు కలిసినా అమ్మకపోవచ్చు. డీలర్లు తమ రిజిస్టర్లు తాము చూసుకుంటే పక్కవాడిది ఇంచుమించుగా చెప్పగలరు. ట్యాంకర్ ఎన్ని రోజులకోసారి వచ్చిపోతుందో అందరికీ తెలిసిందే.

ఒక్కో వాటాని దానితోనే గుణించి అన్నిటినీ కూడితే వచ్చే అంకెని హెచ్‌హెచ్‌ఐ అంటారు. అది ఎంత పెద్దదైతే మార్కెట్ అంత కొద్దిమంది చేతుల్లో ఉన్నట్టు. పేరు చూసి బెదరకండి, ఎక్కం వస్తే చాలు. ఒక ఊళ్లో నలుగురి వాటాలు 40, 30, 20, 10 అనుకోండి. 1600, 900, 400, 100 కలిపితే 3000. చివరి ఇద్దరూ కలిస్తే 40, 30, 30 అవుతాయి, మొత్తం 3400. పెరిగింది 400. అడ్డదారి కావాలంటే కలిసే ఇద్దరి వాటాలు గుణించి రెండింతలు చేయండి: 20 పదులు 200, దానికి రెండింతలు 400. అదే రెండోవాడూ మూడోవాడూ కలిస్తే 1200 పెరుగుతుంది. మొదటి అంకె ఎంత పెద్దదో, పెరుగుదల ఎంతో రెండూ రాయాలి. ఒక్కటే రాస్తే అర్థం లేదు.

ఈ చిన్న లెక్కలకి విలువుందా అని అడుగుతారు. 1999లో ఎక్సాన్, మొబిల్ కలిసినప్పుడు అమెరికా వాణిజ్య కమిషన్ 2,431 బంకులు వదిలించుకోమంది. 2021లో బ్రిటన్‌లో బంకులు నడిపే ఈజీ గ్రూపు అధిపతులు ఆస్డా అనే సూపర్‌మార్కెట్ల గొలుసుని కొన్నప్పుడు అక్కడి అధికారులు ఊరూరా లెక్కగట్టి 27 బంకులు అమ్మించారు. అంత పెద్ద కొనుగోలులో ఇరవై ఏడంటే ఇరవై ఏడే.

నాలుగో పని: ట్యాంకర్ వెనకాల పొండి

బంకు దగ్గరే ఆగిపోతే సగమే చూసినట్టు. లోడు వచ్చినప్పుడు ఇన్‌వాయిస్ చూడండి, ఏ డిపో నుంచి వచ్చిందో ఉంటుంది. ఒక నెల ఇన్‌వాయిస్‌లు పక్కపక్కన పెట్టుకుంటే మీ ఊరికి సరుకు ఎన్ని దారుల్లో వస్తుందో తెలిసిపోతుంది. ఆయిల్ కంపెనీలు ఒకరి డిపోలో ఒకరు సరుకు తీసుకోవడం మామూలే. బోర్డులు వేరైనా లోపలి సరుకు ఒకే రిఫైనరీది కావచ్చు. కాబట్టి అసలు భయం బంకులు కలవడం గురించి కాదు. రిఫైనరీ, పైపులైను, డిపో ఉన్నవాడు రేపు బయటి కంపెనీకి సరుకు ఆపితే ఏంటన్నది.

దీనికి దక్షిణాఫ్రికాలో గట్టి ఉదాహరణ ఉంది. సాసోల్, ఎన్‌జెన్ అనే చమురు కంపెనీలు కలిసి ఉహాంబో అనే కంపెనీ పెట్టబోతే 2006 ఫిబ్రవరిలో అక్కడి ట్రైబ్యునల్ కుదరదంది. సాసోల్ ఉత్పత్తి సముద్రానికి దూరంగా, దేశం లోపల ఉంది. సొంత బంకుల గొలుసు చేతికొస్తే లోతట్టు ప్రాంతాల్లో మిగతా కంపెనీల గొంతు నొక్కగల బలం వస్తుందన్నది వాళ్ల ఆందోళన. మన రాయలసీమ కూడా రేవుకీ రిఫైనరీకీ దూరంగా ఉన్న సీమే. ఆ తీర్పులోని ఆలోచన మనకి అక్కరకొస్తుంది.

అయిదో పని: ధర ఒకటే అయితే పోటీ ఏది?

అందరి బోర్డు మీదా ఒకటే రేటు కదా, ఇంక విలీనమైతే పోయేదేంటి? నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఇది. పెట్రోలు ధర మీద నియంత్రణ 2010 జూన్‌లో, డీజిలు మీద 2014 అక్టోబరులో పోయాయి. 2017 జూన్ 16 నుంచి రోజువారీ ధరలు. అయినా మూడు ప్రభుత్వ కంపెనీలు అన్నదమ్ముల్లా ఒకే అడుగు వేస్తాయి. ఆ అడుగుని తప్పించేది ప్రైవేటు బంకులే, అదీ వాళ్లకి కిట్టుబాటైనప్పుడే. 2008లో ప్రభుత్వ కంపెనీల తక్కువ ధరలకి తట్టుకోలేక రిలయన్స్ తన పద్నాలుగు వందల పైచిలుకు బంకులు మూసుకుంది. తర్వాత తెరిచింది, 2020లో బీపీతో కలిసి జియో-బీపీ అయింది. ఎస్సార్ ఆయిల్‌ని 2017లో రష్యా రోస్‌నెఫ్ట్ బృందం కొని నయారా అని పేరు మార్చింది. 2019 నవంబరులో నిబంధన సడలించి 250 కోట్ల నెట్‌వర్త్ ఉంటే బంకులు పెట్టుకోవచ్చన్నారు. గేటు తీశారు గానీ లోపలికి వచ్చి నిలిచినవాళ్లు తక్కువ.

చట్టంలో 20వ సెక్షన్ నాలుగో ఉపసెక్షన్ కమిషన్ చూడాల్సిన అంశాలు పద్నాలుగు చెబుతుంది. పెట్రోలుకి నేను పెద్దపీట వేసేది మూడింటికి: కొత్తవాళ్లు రావడానికున్న అడ్డంకులు, చురుకైన పోటీదారు ఒకరు మాయమవడం, పై నుంచి కింద దాకా ఒకరి చేతిలో ఉండటం. ధర ఒకటేనా అన్న ప్రశ్నకి జవాబు రెండోదాంట్లో ఉంది. పోటీ అంటే బోర్డు మీది అంకె ఒక్కటే కాదు. లారీ ఓనర్లకి ఇచ్చే అప్పు, ఫ్లీట్ కార్డు డిస్కౌంటు, రాత్రి రెండింటికి బంకు తెరిచి ఉండటం, డెన్సిటీ చూపించమంటే విసుక్కోకుండా చూపించడం, ఇవన్నీ పక్కన వేరే కంపెనీ ఉంది కాబట్టే దొరుకుతున్నాయి. విలీనం తర్వాత పోయేవి ఇవే. మా లారీల అన్నదమ్ములకి పక్షం రోజుల అప్పు ఇచ్చే బంకు ఒకటే ఉంది, అదీ ఎదుటి బంకు వారం ఇస్తానన్నాక పుట్టిన పక్షం.

ప్రజాప్రయోజనం ఎక్కడ రాయాలి

దక్షిణాఫ్రికా 1998 చట్టంలో పోటీ లెక్క ఒక కన్ను, ప్రజాప్రయోజనం రెండో కన్ను. ఒక ప్రాంతం మీద ప్రభావం, ఉద్యోగాలు, చిన్న వ్యాపారులూ తరతరాలుగా అణగదొక్కబడినవాళ్లూ నిలబడగలగడం, దేశ పరిశ్రమలు బయట పోటీపడటం, యాజమాన్యంలో కార్మికుల దాకా వాటా, ఈ అయిదూ విడిగా చూసి తీరాలి. పోటీకి దెబ్బ లేకపోయినా ఉద్యోగాల కోసం షరతులు పెట్టొచ్చు.

మన సీసీఐకి అలాంటి రెండో కన్ను లేదు. పద్నాలుగు అంశాల్లో ఆర్థికాభివృద్ధికి తోడ్పాటు, లాభనష్టాల తూకం ఉన్నాయి, ఉద్యోగాలన్న మాట లేదు. కాబట్టి రెండు కాగితాలు రాయండి. పోటీ గురించిన కాగితం కమిషన్‌కి. బంకు కుర్రాళ్ల కొలువులు, డీలర్‌షిప్ రిజర్వేషన్లు, మారుమూల మండలాల బంకులు, ఈ కాగితం పెట్రోలియం శాఖకీ మీ ఎంపీకీ. రిజర్వేషన్ సంగతి చిన్నది కాదు. ప్రభుత్వ కంపెనీల డీలర్‌షిప్‌ల్లో ఎస్సీ, ఎస్టీలకి 22.5 శాతం, ఓబీసీలకి 27 శాతం ఉంది. బీపీసీఎల్‌లో తన 52.98 శాతం వాటా అమ్ముతామని 2019లో కేంద్రం అన్నప్పుడు, ప్రైవేటు చేతికి పోయాక ఈ రిజర్వేషన్ ఉంటుందా అన్నదే ఆ డీలర్లు అడగాల్సిన మొదటి ప్రశ్న. కొనేవాళ్లు మిగలక 2022 మేలో ఆ అమ్మకం ఆగింది.

అభ్యంతరం రాసే పద్ధతి

ఒక కంపెనీ మా డీలర్లకి సరుకిచ్చే డిపో మార్చినప్పుడు నేను నాలుగు పేజీల మహజరు రాశాను. తాతల కాలం నుంచి నమ్ముకున్నాం, కుటుంబాలు వీధిన పడతాయి, అంతా ఉంది అందులో. చెన్నైలో ఒక వకీలు ఎర్ర పెన్ను తీసుకుని కొట్టేసుకుంటూ పోయాడు. మిగిలింది పదకొండు లైన్లు. వాటిలో కిలోమీటర్లు, తేదీలు, లీటర్లు తప్ప ఏమీ లేవు. అప్పుడు నాకు ఒళ్లు మండింది. ఆ పదకొండు లైన్లకే జవాబొచ్చింది.

కమిషన్ తొలి అభిప్రాయానికి రావడానికి 30 రోజులు, మొత్తం పనికి 150 రోజులు గడువు. తొలి దశలోనే చాలా వరకు తేలిపోతాయి, కాబట్టి సారాంశం సైట్‌లో పడిన వారంలోనే రాయడం మంచిది. అనుమానం మిగిలి రెండో దశకి పోతే 29వ సెక్షన్ కింద వివరాలు బహిరంగంగా ప్రకటించి ప్రభావితులయ్యేవాళ్ల అభ్యంతరాలు రాతపూర్వకంగా అడుగుతారు. గడువు ఆ ప్రకటనలోనే ఉంటుంది. మనకి దగ్గరలో కమిషన్ ప్రాంతీయ కార్యాలయం చెన్నైలో ఉంది.

కాగితం ఈ ధోరణిలో ఉంటే చాలు:

"మా బంకుకి 3 కిలోమీటర్ల లోపు 5 బంకులున్నాయి. 2 కొనే కంపెనీవి, 1 అమ్ముడయ్యే కంపెనీది. విలీనం తర్వాత 5లో 3 ఒకరి చేతికి వస్తాయి. మిగిలిన 2లో ఒకటి రాత్రి 10కి మూస్తుంది. గత మూడేళ్లుగా ఈ రెండు కంపెనీల బంకుల మధ్యే లారీలకి డిస్కౌంటు పోటీ నడిచింది, బిల్లులు జతచేశాం. వీటిలో ఒక బంకుని సంబంధం లేని మూడో కంపెనీకి అమ్మించాలని కోరుతున్నాం."

కోరిక చివర్లో స్పష్టంగా ఉండాలి. విలీనం ఆపేయండి అనేకంటే ఫలానా బంకు అమ్మించండి, ఫలానా డిపోలో ఇతరులకి ఇన్నేళ్లు సరుకు ఇవ్వాలని షరతు పెట్టండి అంటే చదివేవాళ్లకి పట్టుకోడానికి కొమ్మ దొరుకుతుంది. అమ్మకాల రిజిస్టరు జత చేస్తే ఆ పేజీలు రహస్యంగా ఉంచమని విడిగా అడగండి. లేకపోతే మీ లీటర్లు మీ ఎదుటి బంకాయన చదువుకుంటాడు.

ఆదేశం వచ్చాక

31వ సెక్షన్ కింద కమిషన్ ఒప్పుకోవచ్చు, మార్పులతో ఒప్పుకోవచ్చు, వద్దనవచ్చు. ఆదేశం సైట్‌లో పెడతారు. మధ్యలో నల్లగా కొట్టేసిన అంకెలుంటాయి, అవి వాటాలు. అభ్యంతరం ఉంటే 60 రోజుల్లో కంపెనీ లా అప్పీళ్ల ట్రైబ్యునల్‌కి, అంటే ఎన్‌సీఎల్‌ఏటీకి అప్పీలు. రెండు కంపెనీలు పూర్తిగా ఒకటైపోయే పథకమైతే కింది కంపెనీ లా ట్రైబ్యునల్ ఎన్‌సీఎల్‌టీలో ఇంకో విచారణ ఉంటుంది. అక్కడ అభ్యంతరం చెప్పాలంటే 10 శాతం వాటా గానీ 5 శాతం అప్పు గానీ ఉండాలి కాబట్టి మనలాంటివాళ్లకి ఆ తలుపు మూసినట్టే.

బోర్డు మార్చడానికి పెయింటర్ వచ్చే ముందు రోజు ఒక పని చేయండి. పాత పేరు మీదున్న డీలర్‌షిప్ అగ్రిమెంటు, పేలుడు పదార్థాల శాఖ లైసెన్సు, తూనికల శాఖ ముద్ర వేసిన సర్టిఫికెట్లు, చివరి లోడు ఇన్‌వాయిస్ అన్నీ ఫొటోలు తీసి పెట్టుకోండి. ఆ రోజు ట్యాంకుల డిప్ కొలత, అంటే లోపల ఎంత సరుకుందో కర్రతో చూసే కొలత, రాసి అధికారి చేత సంతకం పెట్టించుకోండి. ఒక ఓనరు ఆ సంతకం వద్దులే అన్నాడు, కిందటి నెల దాకా పన్నెండు వందల లీటర్ల తేడా కోసం ఉత్తరాలు రాస్తూనే ఉన్నాం.